తాతల నాటి ఇనాం భూమి వివరాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా ముత్తాతగారి తండ్రికి చంద్రగిరి దగ్గర ఇనాం భూమి ఉండేదని మా మేనత్తగారు చెప్పేవారు. ఆయన పేరు, ఊరి పేరు తప్ప మాకేమీ తెలియదు. పాత రికార్డులు ఎక్కడ చూడాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఇనాం అంటే పాలకులు పన్ను లేకుండా గాని, తక్కువ పన్నుతో గాని ఇచ్చిన భూమి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో (అందులో చాలా భాగం ఇప్పుడు తమిళనాడులో ఉంది) ఉండేది కాబట్టి, చిత్తూరు కలెక్టరేట్ రికార్డు గదిలో విచారించడంతో పాటు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతకవలసి ఉంటుంది. మీకు అన్నిటికన్నా విలువైనవి, 1858లో ఏర్పాటైన ఇనాం కమిషన్ గ్రామాలవారీగా విచారణ జరిపి రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. వాటిలో అప్పటి అనుభవదారు పేరు, వయసుతో పాటు, మొదట ఇనాం పొందిన వ్యక్తితో ఆయనకున్న బంధుత్వం కూడా ప్రత్యేక గడిలో నమోదై ఉంటుంది గనుక, ఒక్క పుటలోనే రెండు మూడు తరాలు బయటపడవచ్చు. వంశవృక్షం కోసం వెతికేవారికి ఇంతకన్నా ఏం కావాలి! సంవత్సరం ఫసలీలో (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం తెలియడానికి 590 కలపండి: ఫసలీ 1270 అంటే 1860-61.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలున్నాయి. మీ పెద్దలు పండితులైతే అక్కడికీ వెళ్లండి గాని, భూమి వివరాలకు రెవెన్యూ రికార్డులే ఆధారం. ఇంటిపేరు రాయని చోట తండ్రి పేరుతో సరిచూడండి. ఇంట్లో పాత పట్టా గాని దస్తావేజు గాని ఉంటే, అందులోని సర్వే నంబరును రికార్డుల కోసం పెట్టే దరఖాస్తులో తప్పక రాయండి.