పుస్తకం మూసేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మార్గరెట్ ఆట్‌వుడ్ నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985) చదివాను. కథ చెప్పే దాసి ఆఫ్రెడ్ నల్ల వ్యాను ఎక్కడంతో కథ అయిపోయింది. తర్వాత ఎవరో ప్రొఫెసర్ ఉపన్యాసం ఉంది. వదిలేయొచ్చా?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వదలొద్దండి. అది అనుబంధంలా కనిపిస్తుంది గానీ నవలకు ప్రాణం అక్కడే ఉంది. కథ జరిగే నియంతృత్వ రాజ్యం గిలియడ్ ఎప్పుడో కూలిపోయాక, 2195 జూన్ 25న జరిగే సదస్సు అది. ఇంతసేపూ మీరు చదివింది ఆఫ్రెడ్ రాసింది కాదని అక్కడే తెలుస్తుంది. గిలియడ్‌లో ఆడవాళ్ళకు చదువూ రాతా నిషేధం కదా, ఆమె రాసేదెలా? ఆమె మాటలు రికార్డు చేసిన సుమారు 30 క్యాసెట్లు, నంబర్లు లేకుండా, అమెరికాలోని బాంగర్ ఊళ్ళో ఒక ఇనప పెట్టెలో దొరికాయి. ఇద్దరు మగ ప్రొఫెసర్లు వాటిని విని రాసి, తమకు తోచిన వరుసలో పేర్చారు. కథకు పేరు పెట్టిందీ వాళ్ళలో ఒకరే. ఉపన్యాసం ఇచ్చే ప్రొఫెసర్ పియిషోటో ఆరాటమంతా, ఆఫ్రెడ్‌ను దాసిగా ఉంచుకున్న ఇంటి పెద్ద, అంటే కమాండర్, ఎవరన్న దానిమీదే. ఆ కమాండర్ కంప్యూటర్లోంచి ఓ 20 పేజీలు దొరికితే ఎంత బాగుండునని వాపోతాడు! ఒక మనిషి ప్రాణం అరచేత పెట్టుకుని చెప్పిన మాటలు ముందుంటే, ఈ ప్రొఫెసర్‌కు అవి చాలలేదు.

ఇది తెలిశాక మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి, వీలైతే పైకి. చెప్పిందే మళ్ళీ మార్చి చెప్పడం, కమాండర్ డ్రైవర్ నిక్‌తో గడిపిన రాత్రిని ఒకటికి రెండుసార్లు తిరగరాసి చెప్పడం ఎందుకో అర్థమవుతుంది.

ప్రశ్న: ఇప్పటి కథ ఏదో, పాతది ఏదో తికమకగా ఉంది.

జవాబు: క్రియలు చూడండి. గిలియడ్ రోజులు ఎక్కువగా వర్తమానంలో, పాత జీవితం భూతకాలంలో నడుస్తాయి. 15 భాగాల్లో ఏడింటికి ‘రాత్రి’ అనే పేరు. ఆఫ్రెడ్ ఒంటరిగా గతంలోకి వెళ్ళేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: ఇదంతా ఊహేనా?

జవాబు: ఎక్కడో ఒకచోట మనుషులు చేయనిదేదీ ఇందులో పెట్టకూడదని ఆట్‌వుడ్ నియమం పెట్టుకున్నారు. ఉదాహరణకు, రుమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం 1966లో 770వ డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. అది 1989 దాకా సాగింది.

ఇక కమాండర్లకు పిల్లల్ని కనిపెట్టడానికే ఆడవాళ్ళను ఉంచే దాసీ వ్యవస్థకు ఆధారం బైబిల్లోని ఆదికాండం 30వ అధ్యాయం, పిల్లల్లేని రాహేలు తన దాసి బిల్హాను భర్త యాకోబుకిచ్చిన ఘట్టం. ఆ వచనాలు నవల మొదట్లోనే ఉన్నాయి. కానీ గిలియడ్ ఇళ్ళలో బైబిలు పెట్టెలో తాళం వేసి ఉంటుంది, చదివేది కమాండరే. దాసీల శిక్షణలో వినిపించే యేసు కొండమీద ప్రసంగంలో, మౌనంగా ఉండేవారు ధన్యులని ఒక మాట కలిపేశారు. అది కల్పితమని ఆఫ్రెడ్‌కు తెలుసు. సరిచూసుకునే దారే లేదు.