కారు నాది, ఆర్‌సీ పాత ఓనరుది: యాక్సిడెంట్ బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నా వయసు 23. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. లైసెన్సు ఉంది. నాతో పనిచేసే అతని అన్న దగ్గర 7 నెలల కిందట 2017 మోడల్ స్విఫ్ట్ రూ.3.60 లక్షలకు కొన్నాను. డబ్బంతా బ్యాంకు ద్వారానే ఇచ్చాను. ఆర్‌సీలో పేరు మార్చుకోవడానికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద ఆయన సంతకాలు చేసి ఇచ్చారు కానీ తేదీ వేయలేదు. ఇవాళ రేపు అనుకుంటూ ఆర్టీవో ఆఫీసుకు వెళ్లలేదు. ఆర్‌సీ, ఫుల్ ఇన్సూరెన్స్ ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. ఈలోపు అలాయ్ వీల్స్, నల్ల ఫిల్మ్, గట్టిగా మోగే సైలెన్సర్ వేయించాను. పైకప్పుకు నలుపు రంగు కొట్టించాను. పోయిన నెల నా కారు తగిలి స్కూటీ మీద వెళ్తున్న ఒకాయన కాలు విరిగింది. పోలీసులు కేసు రాశారు. నా కారు రిపేరుకు రూ.85 వేలు అవుతుందట. కారు అమ్మేశారు కాబట్టి క్లెయిమ్ ఇవ్వబోమని ఇన్సూరెన్స్ వాళ్లు అంటున్నారు. పాత ఓనరు రోజూ ఫోన్ చేసి తిడుతున్నారు. యాక్సిడెంట్ తర్వాత కారు కొన్నట్టు ఫారాల మీద తేదీ వేసి, ఆయన చేత క్లెయిమ్ పెట్టిస్తే పని అయిపోతుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నిటికంటే ముందు ఆ ఏజెంటు మాట వదిలేయండి. మీరు డబ్బు పంపిన తేదీ బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది. 7 నెలలుగా కారు మీ ఇంటి ముందు ఉంటోందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. యాక్సిడెంట్ జరిగినప్పుడు నడిపింది మీరేనని పోలీసు రికార్డులో ఉంటుంది. వీటన్నిటికీ విరుద్ధంగా కాగితం మీద ఒక తేదీ వేస్తే, ఇప్పుడున్న యాక్సిడెంట్ కేసుకు తోడు మోసం, ఫోర్జరీ కేసులు మీ ఇద్దరి మీదా పడతాయి. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. కారు మీ చేతికి వచ్చిన అసలు తేదీయే ఈ కేసులో మీకు రక్ష. దాన్ని మీరే చెరిపేసుకోకండి. ఎందుకో చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం, బండి అమ్మిన రోజు నుంచే దాని మీదున్న ఇన్సూరెన్స్ పాలసీ కొన్నవారి పేరుకు మారినట్టే లెక్క. ఆర్‌సీలో పేరు మారకపోయినా, కంపెనీకి ఉత్తరం రాయకపోయినా, దెబ్బ తగిలిన మూడో వ్యక్తికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీని విడిచిపోదు. 1999లో జి.గోవిందన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మరోవైపు 2018లో నవీన్‌కుమార్ కేసులో, ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, దెబ్బలు తిన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరుగా చేతులు మారిన కొనుగోలుదారుల వెంట తిరగాల్సిన పని లేదు అని కూడా అదే కోర్టు తేల్చింది. మీ పాత ఓనరు భయపడుతున్నది దీనికే. ఆయన భయంలో తప్పు లేదు. యాక్సిడెంట్ పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో కేసు పడితే మీతో పాటు ఆయన పేరూ, కంపెనీ పేరూ ఉంటాయి. అయితే ఓనరు మీరన్నా, ఆయనన్నా, యాక్సిడెంట్ రోజుకు పాలసీ అమల్లో ఉంటే చాలు, పరిహారం భారం చివరికి కంపెనీ మీదికే వెళ్తుంది.

సైలెన్సర్, అలాయ్ వీల్స్ వంక చూపి కంపెనీ ఇక్కడ తప్పించుకోలేదు. మూడో వ్యక్తికి ఇచ్చే పరిహారం విషయంలో కంపెనీ ఏయే కారణాలు చెప్పవచ్చో 150వ సెక్షన్ లెక్కగట్టి చెబుతుంది. లైసెన్సు లేకపోవడం, మద్యం మత్తు, రేసుల్లో వాడటం, ముఖ్యమైన సంగతి దాచి పాలసీ తీసుకోవడం, ప్రీమియం అందకపోవడం వంటివే అందులో ఉన్నాయి. మీరు చేయించిన మార్పులు పాలసీ తీసుకున్న తర్వాతివి. లైసెన్సు ఉందన్నారు, అది యాక్సిడెంట్ రోజుకు చెల్లుబాటులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

దెబ్బ తగిలినాయన ఇంటికి వెళ్లండి. ఆసుపత్రి ఖర్చుకు మీకు చేతనైనంత సాయం చేయండి. మనిషిగా చేయాల్సిన పని అది. కానీ పెద్దమనుషుల్లో కూర్చుని, తప్పంతా నాదే, ఇన్ని లక్షలు ఇస్తాను అని కాగితం రాసివ్వకండి. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, రాజీ కుదుర్చుకోవడం గానీ చేయకూడదని పాలసీలోనే ఒక షరతు ఉంటుంది. అలా రాసిచ్చి, తర్వాత ఆ సొమ్ము కంపెనీ నుంచి రాక పొలం అమ్ముకున్నవాళ్లను నేను చూశాను. ఇచ్చిన సాయానికి బ్యాంకు రికార్డు ఉండేలా చూసుకోండి. ట్రిబ్యునల్‌లో మీ లాయరు దాన్ని చూపించవచ్చు.

క్రిమినల్ కేసు భారతీయ న్యాయ సంహితలోని 281, 125(బి) సెక్షన్ల కింద పెట్టి ఉంటారు. కాలు విరగడాన్ని చట్టం తీవ్రమైన గాయంగానే చూస్తుంది. దానికి 3 ఏళ్ల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బెయిల్ దొరికే నేరమే, కంగారు పడకండి. కానీ ఒక్క వాయిదా కూడా మానకండి.

ఇక మీ కారు రిపేరు ఖర్చు. ఇక్కడ మీకు తీపి కబురు చెప్పలేను. 157వ సెక్షన్ రక్షణ మూడో వ్యక్తికి ఇచ్చే పరిహారం వరకే. సొంత కారుకు జరిగిన నష్టం అన్నది కంపెనీకీ, పాలసీ తీసుకున్న మనిషికీ మధ్య ఒప్పందం. కొన్నవారి పేరు మీదికి పాలసీ మార్చడానికి కంపెనీ ఒప్పుకోకుంటే ఆ ఒప్పందం కొన్నవారికి రాదని 1996లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్న 14 రోజుల్లోగా కంపెనీకి తెలియజేసి పాలసీ పేరు మార్పించుకోవాలి. మీరు 7 నెలలు ఆగారు.

2020లో సురేంద్రకుమార్ భిలావే కేసు గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఒక లారీ విషయంలో, అమ్మకం ఒప్పందం జరిగినా ఆర్‌సీలో పేరున్న పాత ఓనరుకే సుప్రీంకోర్టు క్లెయిమ్ ఇప్పించింది. అది చదివి ఆశ పడకండి. అక్కడ లారీ మీద ఫైనాన్స్ ఉంది, తమకు అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ రాలేదు, అమ్మకం పూర్తి కానే లేదు. మీరు పైసా బాకీ లేకుండా డబ్బిచ్చి కారు తెచ్చుకున్నారు. పాత ఓనరు జరిగింది జరిగినట్టు రాసి క్లెయిమ్ పెడితే పెట్టనివ్వండి. కంపెనీ కాదంటే అదే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ 30 రోజుల్లో తేలకపోతే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఆయన వెళ్లవచ్చు. ఫీజు ఉండదు. గెలిచే అవకాశం మాత్రం తక్కువ. ఆ రూ.85 వేలు మీ జేబులోంచే పోతాయని లెక్కేసుకోవడం మంచిది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పక తప్పదు, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ రోజు స్కూటీ కాకుండా ఎదురుగా లారీ వచ్చి, మీకే ఏమైనా అయి ఉంటే? ఓనరు కమ్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ రూ.15 లక్షలు ఉంటుంది. అది దక్కాలంటే ఆర్‌సీలోనూ పాలసీలోనూ పేరు బండి నడిపినవారిదే అయి ఉండాలి. మీ అమ్మానాన్నలకు ఆ సొమ్ములో ఒక్క రూపాయి వచ్చేది కాదు. 22, 23 ఏళ్ల పిల్లలు జీతంలో కూడబెట్టి ఐ10, స్విఫ్ట్, క్విడ్, టియాగో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుంటారు, మొదటి ఆదివారమే కార్ డెకార్స్ షాపు ముందు నిలబెడతారు. ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం ఆర్టీవో ఆఫీసుకు కేటాయించమని నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రవాడికీ బతిమాలి చెబుతాను.

మీరు చేయించిన మార్పుల సంగతికొస్తే, బండిని కంపెనీ తయారుచేసిన తీరుకు, ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ అని 182ఎ సెక్షన్ అంటుంది. సైలెన్సర్ ఇందులో అన్నిటికంటే చెడ్డది. శబ్దం పరిమితి దాటితే 190(2) సెక్షన్ కింద రూ.10 వేల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్సు లేకుండా పోతుంది. పసిపిల్లలున్న ఇళ్ల ముందు నుంచి రాత్రి 11 గంటలకు ఆ మోతతో వెళ్లడం ఎంత ఇబ్బందో మీకు వేరే చెప్పక్కర్లేదు. యాక్సిడెంట్ తనిఖీ రిపోర్టు వచ్చిన వెంటనే దాన్ని తీయించి కంపెనీ సైలెన్సర్ పెట్టించండి.

ఫిల్మ్ విషయంలో ముందు అద్దం, వెనక అద్దం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు అంటించడాన్నే నిషేధించింది. తర్వాత నిబంధనల్లో వచ్చిన మార్పును బట్టి, పై శాతాలకు లోబడిన ఫిల్మ్ వేయవచ్చని 2024లో కేరళ హైకోర్టు అంది. మీరు వేయించిన నల్లది ఏ లెక్కనా నిలబడదు. అలాయ్ వీల్స్ మాత్రం మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన సైజులోనే ఉంటే ఇబ్బంది పెద్దగా ఉండదు. టైరు పక్కకు పొడుచుకొచ్చి, ఫెండర్ దాటి కనిపిస్తుంటే మార్చేయండి. రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది కాబట్టి మార్పు జరిగిన 14 రోజుల్లో ఆర్టీవోకు చెప్పి రాయించాలి. పేరు మార్పిడి కోసం వెళ్లినప్పుడే అదీ అడగండి. ఒక జాగ్రత్త: మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చేదాకా ఏదీ విప్పకండి. లోపాలు లేవని ఆ రిపోర్టులో వస్తే, ఈ మార్పులకూ యాక్సిడెంట్‌కూ సంబంధం లేదని చెప్పుకోవడానికి అదే మీకు ఆధారం.

అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని 50వ సెక్షన్. రెండు గడువులూ దాటాయి. ఫారం 29, 30 మీద డబ్బిచ్చి తాళాలు తీసుకున్న అసలు తేదీనే వేయండి. ఆలస్య రుసుము కట్టండి. కట్టాల్సిన చలానాలన్నీ కట్టి, పొల్యూషన్ సర్టిఫికెట్ జతచేయండి. కారు మీద పాత ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిపోయిందని చెప్పే ఫారం 35, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ కావాలి. బండి తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ అదనం. ఆర్‌సీ రాగానే పాలసీ కూడా మీ పేరుకు మార్పించండి. క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో పాత ఓనరుకు దొరికిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కారుతో పాటు మీకు రాదు. ఆ తేడా ప్రీమియం అడుగుతారు, కట్టేయండి. పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీ పేరు మీద తీసుకోవడం మరవకండి. ఈ పనులన్నీ అయ్యేదాకా కారు తీయకండి, బస్సులో వెళ్లండి.

పాత ఓనరు తిడుతున్నారని ఫోన్ ఎత్తడం మానకండి. మీరే ఆయన ఇంటికి వెళ్లి, కారు అప్పగించిన తేదీ, సమయం, డబ్బు వివరాలతో ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి, మీ బ్యాంకు స్టేట్‌మెంటు కాపీతో కలిపి ఆయన చేతికివ్వండి. దాని మీద కూడా ఇవాళ్టి తేదీనే వేయండి, పాత తేదీ వద్దు. ట్రిబ్యునల్ నుంచి ఆయనకు నోటీసు వస్తే, మనకెందుకులే అని ఊరుకుంటే ఆయన వాదన వినకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ తీర్పు ఆయన మీదే పడుతుంది. లాయరును పెట్టుకుని, కారు ఫలానా రోజున అమ్మానని జవాబు దాఖలు చేసి, ఆ కాగితం జతచేయాలి. ఆ లాయరు ఫీజు మీరు భరిస్తానని చెప్పండి. ఆలస్యం చేసింది ఇద్దరూ అయినా, కారు మీ దగ్గరుంది కాబట్టి ఆ మాట మీ నోటి నుంచి రావడమే న్యాయం.