‘తిండి తగ్గించరా’ అన్నందుకు మా వాడు ఫోనే ఎత్తడం లేదు, ఏం చేయాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా చిన్ననాటి స్నేహితుడికి 34 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 112 కిలోలు. సొంత వ్యాను ఉంది, రాత్రిళ్లు లోడు వేసుకుని టెక్కలి, శ్రీకాకుళం వెళ్తుంటాడు. ఇంట్లో ఉన్న రోజు మందు, పకోడీ తప్పవు, నోట్లో ఎప్పుడూ ఖైనీ. పడుకుంటే పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు. మొన్న ఒక పెళ్లిలో అందరి ముందూ "తిండి తగ్గించరా, చస్తావు" అనేశాను. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. వాణ్ణి ఎలా మార్చాలి?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీరు రాసింది చదువుతూ నేను గురక దగ్గర ఆగిపోయాను. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లకి నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు మెదడు కంగారుగా లేపుతుంది. ఒక్క రాత్రిలో ఇలా పదుల సార్లు జరగొచ్చు, పొద్దున్నకి మనిషికి ఏమీ గుర్తుండదు. దీన్నే స్లీప్ అప్నియా అంటాం. లేవగానే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు, మందులు వాడినా దిగని బీపీ, ఇవన్నీ దాని వెనకే వస్తాయి. అలాంటి మనిషి రాత్రిపూట స్టీరింగ్ పట్టుకుంటున్నాడు, పైగా తాగే మందు ఆ కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. కాబట్టి బరువు తగ్గాక చూద్దాంలే అనుకోవద్దు. విశాఖ లాంటి చోట ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేయించండి. జబ్బు ఉందని తేలితే నిద్రలో ముక్కుకి పెట్టుకునే సీప్యాప్ మిషన్ రాస్తారు, దాంతో చాలామందికి పగటి మత్తు తగ్గుతుంది. అప్పటిదాకా రాత్రి లోడుకి ఇంకో డ్రైవర్ని పెట్టుకోమనండి, ఖర్చయినా సరే. డాక్టరుకి చూపించిన రోజే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, లివర్ పరీక్షలు కూడా చేయించేయండి.

ఇక పెళ్లిలో అన్న మాట. మీకు బాధ ఉంది కాబట్టే అన్నారు, నాకు తెలుసు, కానీ అది పని చేయదు. ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన దాదాపు మూడు వేల మందిని నాలుగేళ్లు గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. బరువు గురించి చిన్నచూపుకి గురైనవాళ్లు సగటున ఒక కిలో దాకా పెరిగారు, అది ఎదురుకానివాళ్లు కాస్త తగ్గారు. నలుగురిలో మాట పడ్డ మనిషి ఇంటికెళ్లి ఒక్కడే కూర్చుని ఇంకో ప్లేటు తింటాడు. పైగా బరువు తగ్గడం మొదలవగానే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. ‘నోరు కట్టుకోలేడు’ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ ఒళ్లే ఎదురు తిరుగుతుంటే ఎంత కష్టమో ఆలోచించండి.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ మందు, పకోడీ దగ్గర మీరూ ఉంటారా? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 12 వేల మందిని 32 ఏళ్లపాటు చూసిన లెక్క 2007లో వచ్చింది, అందులో ఒకరికి ఊబకాయం వస్తే అతని స్నేహితుడికి కూడా వచ్చే అవకాశం 57 శాతం పెరిగినట్టు కనిపించింది. కారణం మీద వాదనలున్నాయి, కానీ కలిసి కూర్చుంటే ఎంత తింటామో మనకి తెలియంది కాదు. అందుకని కలవడం మానకండి, సాయంత్రం పకోడీ బండి దగ్గర నిలబడే బదులు మహేంద్రతనయ ఒడ్డున నడుస్తూ ఆ కబుర్లే చెప్పుకోండి. వారానికి 150 నిమిషాలు నడవాలంటాం గానీ ఆ బరువుకి మోకాళ్లు పట్టేస్తాయి, మొదట పది నిమిషాలు చాలు, పరుగులు పెట్టించొద్దు. పొద్దున్న పూరీకి బదులు చోడి (రాగి) అంబలి తాగమనండి, మీ పక్క ఒడియా ఇళ్లలో మండియా జావు అనేది అదే, దాంతో పాటు రెండు ఉడకబెట్టిన గుడ్లు. అన్నం మానెయ్యమనకండి, మారు వడ్డించుకునేటప్పుడు అన్నం కాకుండా కూర వేసుకోమనండి. 112 కిలోల మనిషి 6 నుంచి 11 కిలోలు తగ్గినా బీపీ, షుగర్ విషయంలో తేడా తెలుస్తుంది, సన్నబడనక్కర్లేదు.

మందు విషయంలో జాగ్రత్త. రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, డాక్టరు చూస్తుండగానే ఆపించాలి. ఖైనీ మానడానికి 1800-11-2356కి ఫోన్ చేయొచ్చు, ఉచితం. వాట్సాప్‌లో అమ్మే పౌడర్లు వద్దు. బరువు తగ్గే ఇంజెక్షన్లు కొందరికి పనికొస్తాయి, ఎవరికన్నది డాక్టరే చెప్పాలి.

ఫోన్ ఎత్తకపోతే ఇంటికే వెళ్లండి. "ఆ రోజు అందరి ముందూ అలా అనకూడదురా, తప్పు నాదే" అని చెప్పి, టీ తాగి, బరువు మాట ఎత్తకుండా వచ్చేయండి. రెండు రోజులాగి మళ్లీ వెళ్లినప్పుడు, "రాత్రి బండి నడుపుతుంటే నిద్ర వస్తోందారా?" అని అడగండి. వాళ్లావిణ్ణి కూడా కూర్చోమనండి, ఊపిరి ఆగడం రోజూ చూసేది ఆవిడే. డాక్టరు దగ్గరికి మీరూ వెంట వెళ్లండి.