ట్యాబ్లెట్ కొంటే ల్యాప్‌టాప్ అవసరం తీరుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది డేటా అనలిటిక్స్ ప్రధాన సబ్జెక్టుగా కామర్స్ డిగ్రీలో చేరుతోంది. ల్యాప్‌టాప్‌కు బదులు కీబోర్డు, పెన్సిల్‌తో కూడిన కొత్త ఐప్యాడ్ కొనిపెట్టమంటోంది. ఈ రోజుల్లో అన్ని పనులూ అందులోనే అయిపోతాయని ఆమె వాదన. రెండూ కొనే స్తోమత మాకు లేదు. ఏది కొనమంటారు? - ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న కోర్సుకు మొదట కొనవలసింది విండోస్ ల్యాప్‌టాపే. అలాగని ఆమె కోరిక అర్థం లేనిదని అనుకోకండి. తరగతిలో చేత్తో నోట్సు రాసుకోవడానికి, పీడీఎఫ్ పుస్తకాల్లో గీతలు గీసి వ్యాఖ్యలు రాసుకోవడానికి, బరువు లేకుండా రోజంతా వెంట తిప్పుకోవడానికి ట్యాబ్లెట్‌కు సాటి వచ్చే ల్యాప్‌టాప్ లేదు.

ఐప్యాడ్‌కు వేగం చాలదనే అభ్యంతరానికి ఇప్పుడు బలం లేదు. 2020 చివర ఆపిల్ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వచ్చిన ఎం1 చిప్‌నే ఆపిల్ 2021లో ఐప్యాడ్ ప్రోలోనూ పెట్టింది. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐప్యాడ్‌ఓఎస్ 26తో కంప్యూటర్‌లో మాదిరిగా విండోలను జరుపుకునే వీలూ, పైన మెనూ పట్టీ కూడా వచ్చాయి. ఇంత శక్తి ఉన్నా, అందులో ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తుందనేది ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అనలిటిక్స్ విద్యార్థికి సాధారణంగా ఇచ్చే ఒక అసైన్‌మెంటును తీసుకుందాం. ఒక సంస్థకు చెందిన 12 నెలల అమ్మకాల ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో ఉంటాయి; వాటన్నిటినీ ఒకే పట్టికగా కలిపి, ఖాళీ వరుసలను తీసేసి, పివట్ టేబుల్ (వివరాలను వర్గాలవారీగా కూడి చూపే పట్టిక) వేసి, చార్టుతో నివేదిక సమర్పించాలి. విండోస్ ఎక్సెల్‌లో డేటాను తెచ్చి, శుభ్రం చేసే సాధనమైన పవర్ క్వెరీకి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే ఫైళ్లన్నిటినీ అదే కలుపుతుంది. వచ్చే నెల మరో ఫైలు చేరితే రిఫ్రెష్ నొక్కితే సరిపోతుంది. ఐప్యాడ్ ఎక్సెల్‌లో ఈ పని చేయబూనుకుంటే ఒక్కొక్క ఫైలునూ తెరిచి, కాపీ చేసి, అతికించుకుంటూ పోవాలి. అధ్యాపకుడు పంపిన ఫైలులో మాక్రో (పదేపదే చేసే పనులను దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాము) ఉంటే ఫైలు తెరుచుకుంటుంది గానీ మాక్రో పనిచేయదు. పేరు ఎక్సెలే అయినా రెండు చోట్లా ఉన్నది ఒకే ఎక్సెల్ కాదన్న సంగతి చాలామందికి ఫీజు కట్టి, పరికరం కొన్న తరువాతే తెలుస్తుంది.

డేటాను చార్టులు, నివేదికలుగా మలిచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ విషయంలో తేడా ఇంకా స్పష్టం. నివేదికలను తయారుచేసే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఐప్యాడ్ యాప్ ఉన్నది ప్రధానంగా తయారైన నివేదికలను చూడటానికే. ఈ కారణంగానే ఈ కోర్సుకు మ్యాక్‌బుక్‌ను కూడా నేను మొదటి ఎంపికగా చెప్పను. డేటా పనుల్లో వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ సంగతి కొంత మెరుగు: పైథాన్ రాసి నడిపించే గూగుల్ కోల్యాబ్ అనే సేవ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి నెట్ ఉన్నంతసేపూ ఐప్యాడ్‌లోనూ సాధన చేయవచ్చు. అయితే సొంత మెషీన్‌లో పైథాన్‌నూ, డేటాబేస్‌నూ ఇన్‌స్టాల్ చేసుకుని, దారిలో వచ్చే ఎర్రర్లను తనంతట తాను సరిచేసుకోవడం కూడా ఈ చదువులో భాగమే. ఆ అలవాటు ఉన్నవారికి ఇంటర్న్‌షిప్ మొదటి వారంలో తడబాటు ఉండదు.

ఖర్చు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. కీబోర్డు, పెన్సిల్ విడిగా కొనాలి. ఆ రెండూ కలిపిన తరువాతే ల్యాప్‌టాప్ ధరతో పోల్చి చూడండి. పైగా 10.1 అంగుళాలకు మించిన తెరపై వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌లలో ఫైళ్లను మార్చాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కావాలి. చాలా కళాశాలలు విద్యార్థులకు ఆ ఖాతాను తామే ఇస్తాయి గనుక ముందే అడిగి తెలుసుకోండి.

ఇదే ప్రశ్న చిత్రకళ చదివే విద్యార్థి నుంచి వచ్చి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. సాహిత్యం, చరిత్ర వంటి సబ్జెక్టుల్లో చదవడం, రాయడమే ప్రధానం కాబట్టి వారికి కీబోర్డు ఉన్న ట్యాబ్లెట్‌తో చాలావరకు గడిచిపోతుంది.

కొనే ముందు తండ్రీకూతుళ్లిద్దరూ కూర్చుని సిలబస్‌లో పేర్కొన్న సాఫ్ట్‌వేర్ల జాబితా రాసి, ఒక్కొక్కటి ఏ సిస్టమ్‌పై నడుస్తుందో వాటి తయారీదారుల వెబ్‌సైట్లలో సరిచూడండి. ఆ పని అమ్మాయి చేతే చేయించండి; మీరు వద్దనడం కన్నా ఆ జాబితా చూసి ఆమె తానుగా నిర్ణయించుకోవడం మంచిది. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే డిగ్రీ మూడేళ్లూ ఇబ్బంది ఉండదు. ఫోన్లలో వాడే తరహా ఏఆర్ఎం ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ మెషీన్లలో కొన్ని పాత ప్రోగ్రాములు, ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు మొరాయించే అవకాశం ఉంది కాబట్టి ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉన్నదే తీసుకోండి.

పెన్సిల్‌తో రాసుకోవాలన్న ఆశను ఆమె వదులుకోలేకపోతే, తెర పూర్తిగా వెనక్కి మడిచే టచ్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించవచ్చు. చేతిలో పట్టుకుంటే ఐప్యాడ్ కన్నా బరువుగానే ఉంటుంది, రాత కూడా అంత హాయిగా సాగకపోవచ్చు. కానీ పూర్తి విండోస్ దొరుకుతుంది. పెన్ను పెట్టెలోనే వస్తుందో, విడిగా కొనాలో అడిగి, దుకాణంలోనే ఒక పేజీ రాయించి చూడండి.