మాడ్యూల్‌లో జీసీసీ 12 లోడ్ చేసినా సీమేక్ పాత 8.5నే పట్టుకుంటుంటే

తప్పు మాడ్యూల్‌ది (కావలసిన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని ఎంచుకునే ఏర్పాటు) కాదు, మీ పాత బిల్డ్ ఫోల్డర్‌ది. రాకీ లైనక్స్ 8లో గ్రోమాక్స్ 2024 (అణువుల కదలికల్ని సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్) కంపైల్ చేయబోతే జీసీసీ కంపైలర్ పాతదని ఆగిపోతోందనీ, టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే మాత్రం 12 అంటోందనీ రాశారు కదా. బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ మొదటిసారి నడిచినప్పుడే కంపైలర్ ఎక్కడుందో క్యాష్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది, ఆ తర్వాత మీరెన్ని మాడ్యూళ్లు మార్చినా దానికి పట్టదు.

1. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేయండి. మేక్ క్లీన్ చాలదు, అది క్యాష్ జోలికి పోదు.

2. మాడ్యూల్ లోడ్ చేశాక సీసీ (పెద్ద అక్షరాల CC) అనే వేరియబుల్‌కి జీసీసీ (gcc), సీఎక్స్ఎక్స్‌కి (CXX) జీ ప్లస్ ప్లస్ (g++) అని ఎక్స్‌పోర్ట్ చేయండి. అందరూ వదిలేసేది ఇదే. సీ కంపైలర్ కోసం సీమేక్ ముందు వెతికేది జీసీసీని కాదు, 'సీసీ' (చిన్న అక్షరాల cc) అనే ప్రోగ్రామ్ పేరుని. చాలా మాడ్యూళ్లలో ఆ పేరుతో ఫైలే ఉండదు, దాంతో ఫోల్డర్ కొత్తదైనా నేరుగా వెళ్లి సిస్టమ్‌లోని పాతదాన్ని తెచ్చుకుంటుంది. నాకూ ఓ సాయంత్రమంతా దీనికే పోయింది.

3. ఖాళీ ఫోల్డర్‌లో సీమేక్ మళ్లీ నడపండి. మొదట్లో వచ్చే రెండు కంపైలర్ లైన్లలోనూ 12 కనిపించాకే మేక్ కొట్టండి.

4. రన్‌ని క్లస్టర్‌కి పంపే జాబ్ స్క్రిప్ట్‌లోనూ అదే మాడ్యూల్ లోడ్ చేయండి, లేదంటే రన్ మొదలవగానే లైబ్రరీ వెర్షన్ దొరకలేదని ఆగిపోతుంది.