షగ్గీ ఓటిస్ 'ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్' వినండి, ముఖ్యంగా రెండో వైపు

పాత సైకెడెలిక్ సోల్‌లో (అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతానికి రాక్‌లోని వింత ధ్వనులు కలిపిన శైలి) ఎక్కువమందికి తెలియని ఒక మంచి ఆల్బమ్ చెప్పమన్నారు, ఎలా వినాలో కూడా అడిగారు. నేను చెప్పేది అమెరికా గాయకుడు, గిటారిస్టు షగ్గీ ఓటిస్ 'ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్'. 1974లో ఎపిక్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు, కంపెనీ కూడా అతన్ని వదిలేసింది. నాకైతే ఆ కాలపు పెద్ద పేర్లకన్నా ఇదే దగ్గరగా అనిపిస్తుంది.

సైకెడెలిక్ సోల్ అంటే టెంప్టేషన్స్ బృందం, గాయకుడు స్లై స్టోన్ గుర్తొస్తారు. అక్కడ సందడి ఎక్కువ, గొంతులు ఎక్కువ. ఇక్కడ ఇరవై ఏళ్ల కుర్రాడు తలుపేసుకుని తనకోసం వాయించుకుంటున్నట్టు ఉంటుంది. వాళ్ల నాన్న జానీ ఓటిస్ రిథమ్ అండ్ బ్లూస్‌లో పేరున్న బ్యాండ్ లీడర్. కొడుకు చిన్నప్పటి నుంచే గిటార్‌లో దిట్ట. ఈ రికార్డులో వయొలిన్లు, హార్న్‌లు వేరేవాళ్లవి. గిటార్, బేస్ (అడుగు స్వరాలు పలికే గిటార్), డ్రమ్స్, కీబోర్డులు దాదాపు అన్నీ తనవే.

అప్పటి ఎల్‌పీ రికార్డుకు రెండు వైపులా పాటలుండేవి. మొదటి వైపు నాలుగు పాటలు. వాటిలో 'ఆట్ అ మై హెడ్' పెట్టుకుని బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. వెనక రిథమ్ బాక్స్ (తనంతట తానే తాళం వేసే యంత్రం) టిక్ టిక్‌మంటూ ఒకే లెక్కలో పోతుంటుంది. దాని మీద బేస్ మాత్రం ఎక్కడ ఆగాలో, ఎక్కడ జారాలో తనే తేల్చుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఊగే ఊపే ఈ ఆల్బమ్ ప్రాణం. ఫోన్ స్పీకర్‌లో అది వినపడదు, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

రెండో వైపు 'హ్యాపీ హౌస్' అనే చిట్టి పాట అయ్యాక ఇక మాటలే ఉండవు. ఇంగ్లీషు పాటల్లో సాహిత్యం అందదని మా తమ్ముడు వీటి జోలికి వచ్చేవాడు కాదు. వాడికి ముందు 'రెయినీ డే' వినిపించాను, గిటార్ నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు సాగుతుంది. ఆ తర్వాత 'ఎక్స్‌ఎల్-30', 'ప్లింగ్!' వాడే పెట్టమన్నాడు. 'ప్లింగ్!' దగ్గర తొందరపడకండి. అందులో ఏదో జరగాలని ఎదురుచూస్తే విసుగొస్తుంది, ఆ స్వరాల మధ్య ఖాళీని వింటే వదలబుద్ధి కాదు.

టాకింగ్ హెడ్స్ బృందం గాయకుడు డేవిడ్ బర్న్ స్థాపించిన లువాకా బాప్ అనే రికార్డు సంస్థ 2001లో దీన్ని మళ్లీ విడుదల చేసింది. అందులో షగ్గీ అంతకుముందు 1971లో చేసిన ఆల్బమ్ 'ఫ్రీడమ్ ఫ్లైట్'లోని పాటలు కొన్ని చేర్చారు. వాటిలో 'స్ట్రాబెర్రీ లెటర్ 23' ఉంది. 1977లో బ్రదర్స్ జాన్సన్ అనే బృందం పాడి హిట్ చేసింది ఈ పాటనే. వాళ్లది ముందే విని ఉంటే, షగ్గీది కూడా వినండి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.