కుదించాలా, తగ్గించాలా?

మద్దిలపాలెంలోని మీ అపార్ట్‌మెంట్ నోటీసులో ‘మెయింటెనెన్స్ కుదించాం’ అని రాయొచ్చా అని అడిగారు కదండీ. అక్కడ ‘తగ్గించాం’ అనాలి. డబ్బు, వేగం, వేడి, బరువు లాంటివి తగ్గిస్తాం. పూర్ణా మార్కెట్‌లో ధర తగ్గించమంటాం కానీ, కుదించమని ఎవరూ అడగరు.

కుదించడం పొడవుకో, గడువుకో, పరిధికో సంబంధించింది. విశాఖ రావాల్సిన రైలును దువ్వాడలోనే ఆపేస్తే ‘దువ్వాడ వరకు కుదించారు’ అంటారు. పది పేజీల వ్యాసాన్ని రెండు పేజీలకు కుదిస్తాం. అలా కుదించినా అందులో విషయం మిగలాలి. ఈ మాటలో నాకు బాగా నచ్చేది అదే.

దానంతటదే చిన్నదైతే మాత్రం ‘కుంచించుకుపోయింది’ అనండి. వానల్లేక చెరువు కుంచించుకుపోతుంది.

నోటీసు ఇంకా అంటించకపోతే ఆ ఒక్క మాట మార్చేయండి, టెన్షన్ వద్దు.